టికెట్ కిటికీలో చెయ్యి

ఆ చిన్న స్టేషన్లో టికెట్ కిటికీకి చెడ్డపేరుంది. చీకటి పడ్డాక అందులో చెయ్యి పెడితే, లోపల్నుంచి ఇంకో చెయ్యి వచ్చి పట్టుకుంటుందట… వదలదట. అందుకే ఏడున్నర బండికి వెళ్లేవాళ్లెవరూ అటు తొంగి చూసేవాళ్లు కాదు. బండెక్కేసి టీసీ దగ్గరే టికెట్ కొనుక్కునేవాళ్లు.

మా నాన్న గడియారాలు బాగుచేసేవాడు. నిమిషం తేడా వస్తే ఒప్పుకునే మనిషి కాదు గానీ, దెయ్యమంటే మాత్రం పైప్రాణాలు పైనే పోయేవి.

ఆ సాయంత్రం పట్నం ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. అమ్మకి నొప్పులు మొదలయ్యాయి. పుట్టబోయేది నేనే లెండి. నాన్న రొప్పుతూ స్టేషనుకొచ్చేసరికి గోడమీద కొత్త కాగితం — ఇవాళ్టి నుంచి బండిలో టికెట్లు అమ్మబడవు. లేనివాళ్లని తర్వాతి స్టేషన్లో దించేస్తారు. మళ్లీ బండి తెల్లారాకే.

ముందు నుయ్యి, వెనక గొయ్యి.

కిటికీ లోపల దీపం లేదు. నాన్న కళ్లు మూసుకుని, డబ్బు పట్టుకున్న చెయ్యి మెల్లగా లోపలికి పెట్టాడు…

పట్టుకుంది! చల్లగా — తడిగా.

"వదులు… మా ఆవిడ ఆసుపత్రిలో ఉంది" అన్నాడు నాన్న, ఏడుపుగొంతుతో.

లోపలి గొంతు అంతకన్నా వణికింది. "ముందిది చెప్పండి… మీరు మనిషేనా?"

టికెట్ల గుమస్తా! పాపం, కొత్తగా వచ్చాడు. చీకటి పడ్డాక బయట్నుంచి ఓ చెయ్యి వస్తుందని వచ్చిన రోజే ఎవరో చెవిలో ఊదారట. నెలరోజులుగా ఆ వేళకి ఒక్క మనిషీ టికెట్ అడక్కపోయేసరికి నిజమేననుకున్నాడు. దీపమార్పేసి బల్లకింద కూర్చునేవాడు. ఇవాళ చెయ్యి రానే వచ్చింది. తాడోపేడో తేల్చుకుందామని తెగించి పట్టుకున్నాడు.

బండి కూత వినపడింది. గుమస్తా టికెట్ చేతిలో పెట్టి, "ఇంక ఒక్కణ్ణే ఉండలేనండీ బాబూ" అంటూ నాన్న వెనకాలే పరిగెత్తి బండెక్కేశాడు.

టీసీ వచ్చాడు. నాన్న దర్జాగా టికెట్ చూపించాడు.

"మీదండీ?"

గుమస్తా జేబులు తడుముకున్నాడు. "నేను… టికెట్లు అమ్మేవాణ్ణండీ."

"మరింకేం! కొనకుండా ఎక్కకూడదని మీకు వేరే చెప్పాలా?"

నేను పుట్టేసరికి నాన్న ఆసుపత్రి గుమ్మంలోనే ఉన్నాడు. గుమస్తా మాత్రం తర్వాతి స్టేషన్లో దిగి, అక్కడి టికెట్ కిటికీ ముందు తెల్లారేదాకా నిలబడ్డాడట… చెయ్యి పెట్టడానికి ధైర్యం చాలక.