పొత్తిళ్ళ బయటి చెయ్యి

మా మేనకోడలికి కొడుకు పుట్టాడంటే, నేనే కన్నంత హడావుడి చేశానండి. కాకపోతే ఆ భడవ పుట్టగానే ఏడవలేదు. కాసేపు ఊపిరే తీసుకోలేదు. గాలి అందక మెదడుకి దెబ్బ తగిలిందేమో స్కానింగులో చూడాలన్నారు. ఆ మిషను నడిపేది సాక్షాత్తూ నా బావమరిది. దగ్గరుండి వాడి పెళ్ళి చేసినవాణ్ణి. ఇక నాకు దిగులేముంది?

స్కానింగు గది నేల కింద ఉంది. మిట్టమధ్యాహ్నమైనా అక్కడికి వెలుతురు రాదు. పసివాళ్ళకి మత్తు ఇవ్వరట. కడుపునిండా పాలు పట్టి, చేతులు లోపల పెట్టి గుడ్డ బిగించి చుడితే వాళ్ళే నిద్రపోతారట. చుట్టింది నేనే. మా ఇంటి పిల్లలందరినీ చుట్టిన చేతులివి. తోడుగా ఒకరు కూర్చోవచ్చు గానీ ఒంటిమీద ఇనుము ఉండకూడదు. నా బెల్టు కూడా విప్పించాడు. ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రెండోది మిషను గొట్టంలోకి చాపి, మనవడి మీద వేసి కూర్చున్నాను.

లైటు తగ్గింది. తలుపు మూసుకుంది. స్పిరిటు వాసన, దాని అడుగున పాల వాసన. ఎవరో తలుపు బాదుతున్నట్టు మిషను దడదడలాడింది. ఆగింది. మళ్ళీ బాదింది. ఆగినప్పుడల్లా లోపల చిన్న ఊపిరి వినిపిస్తోంది... ఒకటి నెమ్మదిగా. ఇంకొకటి ఆయాసంగా...

ఎవరో నా వేలు పట్టుకున్నారు.

బుల్లి గుప్పిట. మంచులా ఉంది. మనవడు గట్టిపిండమే అని ముందు మురిసిపోయాను. తర్వాత గుర్తొచ్చింది... వాడి చేతులు గుడ్డలో ఉన్నాయి. తడిమాను. ముడి ఊడలేదు. వేలు వదల్లేదు...

బయటికొచ్చి, చల్లబడిన వేలు రుద్దుకున్నాను. బావమరిది తెరమీద బొమ్మ చూపించి, మెదడుకి ఏమీ కాలేదని చెప్పాడు. మేనకోడలు నన్ను పట్టుకుని ఆనందంతో ఏడ్చి, బిడ్డతో పైకి వెళ్ళింది. నేను బొమ్మ ముందే ఉండిపోయాను. అందులో బుగ్గ పక్కన చిన్న చెయ్యి ఉంది.

“ఇది మనవాడిది కాదు. ఎవరిదిరా?”

వాడు తలుపు వైపు చూశాడు. “మెల్లగా, బావా. పొద్దున స్కానింగు తీసిన పాపది. చెయ్యి బయటికి లాగేసుకుంది.”

“మరి ఆ పాప వాళ్ళకేం చూపిస్తావు?”

“దాని మెదడు బాగానే ఉంది. గుండె ఆగి చనిపోయింది, బావా... ఇక దానికి ఈ బొమ్మతో పనేముంది?”

మేనకోడలి కాన్పు ఆలస్యం చేసిన పెద్ద డాక్టరమ్మే, తన తప్పు బయటపడకుండా అలా చూపించమందట. నా ఇంట్లో తిని పెరిగినవాడు ఆ మాట చెబుతుంటే, కొట్టడానికి కూడా నాకు చెయ్యి రాలేదు. మనవడి అసలు బొమ్మ తెరమీదికి తీయించాను. మెదడు నడుమ తెల్లటి మచ్చలు. పిల్లల డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఇప్పుడే మొదలుపెడితే కాళ్ళూ చేతులూ కొంతైనా దారికి తేవచ్చని, ముందు తల్లికి నిజం చెప్పమని ఆయన అన్నాడు.

చెబుదామనే వెళ్ళాను. మేనకోడలు పెదవుల మీద వేలు పెట్టి ఊరుకోమంది. మొహం వెలిగిపోతోంది.

“మావయ్యా, చూడు... నిద్రలోనే నా వేలు పట్టుకున్నాడు. వదలడే.”

చూశాను. నేను చుట్టిన గుడ్డ చుట్టినట్టే ఉంది. రెండు చేతులూ లోపలే ఉన్నాయి. ఆమె వేలు మాత్రం గుడ్డ పైన, గాల్లో... కొస తెల్లబడి, నొక్కుకుపోతోంది...