వదులైన తాడు

"ఆ ఓడ ఇంజను చెడిపోలేదు," అన్నాడు చీఫ్, మీగడ కట్టిన టీని పక్కకు నెడుతూ. "చెడిందని చెప్పి మన టగ్ పడవచేత లాగించుకుంటారు. రేవులోకి రాగానే ఇంజను వేసి ఆయిల్ జెట్టీని గుద్దుతారు. ఓడ నిండా పేలుడు సామానే."

"బయటే పట్టుకుంటే పోలా సార్?"

"విదేశీ జెండా. రుజువు లేకుండా ఎక్కితే గొడవ మన మెడకే. ఇంజను వేశారా, అదే రుజువు. యజమాని భార్యగా మన ఏజెంట్ ఒకావిడ అందులో ఉంది. వాళ్ళు ఇంజను వేసేముందు తెల్ల స్కార్ఫ్ తీసి ఎర్రది కట్టుకుంటుంది."

"ఆవిడ మన మనిషేనా?"

"వాళ్ళూ తమ మనిషే అనుకుంటున్నారు."

ఎదురుగా కూర్చున్న ఏజెంట్ నిట్టూర్చాడు. మోకాళ్ళు సలుపుతున్న ఈ వయసులో ఇంకో అతుకుడు మీసం. ఈసారి టగ్‌లో వంటవాడు. గరిటె పిడిలో వైర్‌లెస్.

మర్నాడు మధ్యాహ్నం రేవు ముఖద్వారం దాటుతుండగా అతను గరిటెతో డెక్ మీదికి వచ్చాడు. వెనక ఓడ బుద్ధిగా వస్తోంది. దాని ముందుభాగాన, నల్ల కళ్ళజోడుతో, తీరిగ్గా ఆమె. తెల్ల స్కార్ఫ్. నవ్వుతూ చెయ్యి ఊపింది. అటుపక్క జెట్టీ మీద పనివాళ్ళు భోజనాల డబ్బాలు విప్పుకుంటున్నారు.

టగ్ నడిపే సరంగు చిరాగ్గా వెనక్కి చూశాడు.

"ఇదేంటి? మనం స్పీడు తగ్గించలేదు, తాడు వదులైంది!"

ఏజెంట్ కూడా చూశాడు. బిగుతుగా ఉండాల్సిన తాడు నీళ్ళలోకి జారుతోంది. లాగించుకునే ఓడ తనంతట తానే ముందుకొస్తే తప్ప అలా జారదు. స్కార్ఫ్ మాత్రం తెల్లగానే ఉంది.

ఆమెను నమ్మాలా, తాడును నమ్మాలా? ఆలోచించే ఓపిక కూడా లేదతనికి. తాడుకు ఎవరి దగ్గరా జీతం లేదు.

సరంగు తాడు చుట్టే మీట మీద చెయ్యి వేశాడు.

"చుట్టకండి. ఇంకా వదలండి. నేను వంటవాణ్ణి కాదు."

"అది నిన్న కూర నోట్లో పెట్టుకున్నప్పుడే తెలిసింది. నీళ్ళలో తాడు వదిలితే అడుగున తిరిగే పంకాకి చుట్టుకుంటుందయ్యా! నా సర్వీసులో ఎన్నడూ వదల్లేదు."

"ఎవరి పంకాకి?"

సరంగు అతని మొహంలోకి చూశాడు. తర్వాత జెట్టీ కేసి. ముందు తన ఇంజను ఆపాడు. మీట వదిలేశాడు. "తాడు దారిలో ఎవరూ నిలబడకండ్రా!" అని అరిచాడు.

అవతల ఓడ మీద గొడ్డలి లేచింది. తాడు తెగి ఓడ ముందే నీళ్ళలో పడింది. ఓడ దాని మీదుగానే జెట్టీ వైపు దూసుకొచ్చింది. పనివాళ్ళు డబ్బాలు వదిలేసి పరుగెత్తారు.

పంకాకి చుట్టుకున్న తాడు టగ్‌ను ఒక్కసారి వెనక్కి ఈడ్చింది. ఏజెంట్ మోకాళ్ళ మీద పడ్డాడు. ఓడ కడుపులో ఏదో మూలిగి, ఇంజను ఆగిపోయింది. జెట్టీకి నాలుగు బారల దూరంలో ఓడ అడ్డంగా తిరిగి నిలిచింది. రేవులో కాచుకున్న నేవీ పడవలు చుట్టుముట్టాయి.

ఆమె కళ్ళజోడు తీసి, వంటవాడి వైపు చాలాసేపు చూసింది. తర్వాత చేతులు పైకెత్తింది.

గరిటెలోంచి చీఫ్ గొంతు గరగరలాడింది. "శభాష్! ఇక ఆ ఓడను జాగ్రత్తగా బయటికి లాక్కుపో."

ఏజెంట్ అక్కడే చతికిలబడి మీసం పీకేశాడు.

"అలాగే సార్. ఇంకో తాడు పంపండి. వీలైతే ఇంకో మనిషిని కూడా."