నైరుతి మూల గొయ్యి

ఆమని నన్ను మొదటిసారి చూసినప్పుడు నేను వాళ్ల పెరటి వరండాలో, కొత్త వాషింగ్ మెషిన్ ముందు, చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాను. మొదటి చూపులోనే మంచి అభిప్రాయం కలిగించే భంగిమ కాదు అది.

"పాయింట్ పెట్టడం అయిపోయిందా అండి?"

"అయింది మేడం."

"మరి ఆన్ చెయ్యండి."

"చెయ్య."

అప్పుడు ఆమె నన్ను సరిగ్గా చూసింది. చేతిలో స్కూటీ తాళాలు, మెడలో ఆఫీసు బిళ్ల, నుదుటి మీద నాలుగు వాన చినుకులు. కోపంగా ఉన్న ఆ కళ్లు బాగున్నాయని ఒప్పుకుంటే నా పని చెడుతుందని, నేను పక్కన పెట్టిన బల్బు వైపు చూపు తిప్పుకున్నాను.

నా పేరు నరేందర్. మాది పుప్పాలగూడ. పాలిటెక్నిక్ చదివి, వైర్‌మన్ పర్మిట్ తీసుకుని, కొండాపూర్ వైపు కొత్తగా లేస్తున్న ఇళ్లలో పని చేసేవాణ్ణి. అది తొంభై తొమ్మిది వానాకాలం. ఆ ఇల్లు యజ్ఞనారాయణ గారిది. ఏలూరు నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న ప్రభుత్వోద్యోగి. ఆమని ఆయన ఒక్కగానొక్క కూతురు, హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తల్లి పద్మావతి గారి కోసం ముచ్చటపడి ఆ మెషిన్ కొనిచ్చింది.

నాకొక గుణం ఉంది. మా నాన్న ఐలయ్య దాన్ని మొండితనం అంటాడు. ఎంత చిన్న ప్లగ్గు పెట్టినా, పరీక్ష చేయకుండా ఇంటివాళ్లకు అప్పజెప్పను. హోల్డర్‌లో ఒక వంద వాట్ల బల్బు, దానికి రెండు వైర్లు. ఒక వైరు కరెంటు వచ్చే ఫేజ్‌లో, రెండోది అది తిరిగిపోయే న్యూట్రల్‌లో పెడితే బల్బు వెలుగుతుంది. ఆ రెండోదాన్ని తీసి ఎర్త్‌లో పెట్టినా అంతే కాంతితో వెలగాలి. ఇక్కడ వెలగలేదు.

"ఎర్త్ లేదు మేడం. మిషన్ లోపల ఏదన్న వైరు డబ్బాకు తాకిందనుకోండి, కరెంటు భూమిలకు పోనీకి తొవ్వ లేదు. ముట్టుకున్నోళ్ల మీదికెల్లి పోతది."

ఆమె లోపలికి వెళ్లి ఒక ఫైలు తెచ్చింది. "ఇల్లు కట్టినప్పటి టెస్ట్ రిపోర్ట్ ఇది. ఎర్తింగ్ బాగుందని సంతకం కూడా ఉంది. మూడేళ్లే అయింది. ఎక్కడికి పోతుందండి, కాళ్లొచ్చి నడిచిపోయిందా?"

"గదే చూసొస్తా."

మీటరు బోర్డు నుంచి దిగిన ఇనుప తీగ వెంట వెళ్లాను. ఇంటి వెనక నైరుతి మూలలో అది తెగి ఉంది. కింద ఎర్త్ గొయ్యి ఉండాల్సిన చోట చదునుగా సిమెంటు పోసి ఉంది. వంగి చూస్తుంటే నా మీద గొడుగు నీడ పడింది. యజ్ఞనారాయణ గారు.

"బాబూ, కాస్త మెల్లగా మాట్లాడు," అన్నారాయన. "అది నేనే మూయించాను. నైరుతిలో గొయ్యి ఉంటే ఆడపిల్లకి సంబంధం కుదరదని వాస్తు చూసే చెన్నకేశవులు గారు చెప్పారు. లోపలి పైపు కూడా పీకించేశాను."

"సార్, గట్లెట్ల చేసిన్రు?"

"రెండేళ్లయింది, ఏమీ కాలేదు కదా. అమ్మాయికి మాత్రం చెప్పకు. తన పెళ్లి కోసం ఇలాంటివి చేశానని తెలిస్తే నాతో మాట్లాడదు. మాటివ్వు బాబూ."

మా నాన్న వయసు మనిషి అలా చెయ్యి పట్టుకుంటే కాదనలేకపోయాను. "చెప్ప సార్. కానీ కొత్త ఎర్త్ పడేదాంక ఆ ప్లగ్గు వాడొద్దు."

"ఆయన్ని అడిగి, వేరే మూల ఏదో చూసి కబురు చేస్తాను."

తిరిగొచ్చేసరికి ఆమని తలుపు దగ్గరే నిలబడి ఉంది. "దొరికిందా?"

"లేదు మేడం. కొత్తది ఎయ్యాలె."

"పాతది ఏమైంది?"

నేను స్క్రూడ్రైవర్లు సర్దుకున్నాను.

"కారణం చెప్పరు. పని మాత్రం పెంచుతారు. అర్థమైందండి, మీరు వెళ్లొచ్చు."

ఎన్నో ఇళ్లలో ఎన్నో మాటలు పడ్డాను. ఈ మాట మాత్రం పుప్పాలగూడ దాకా నాతోనే వచ్చింది. ఆమె నన్ను మోసగాడనుకుంది. కాదని చెప్పాలంటే ఇచ్చిన మాట తప్పాలి. ఆ పూట అన్నం సహించలేదు.

యజ్ఞనారాయణ గారి కబురు రాలేదు. ఆదివారం పొద్దున మాత్రం మా వాడలో ఈరమ్మ కిరాణా కొట్టుకు ఫోన్ వచ్చింది, పనికెళ్లిన ఇళ్లలో నేనిచ్చే నంబరు అదే. నాకే.

"నేను ఆమనిని. వేరే ఎలక్ట్రీషియన్ని పిలిచామండి. మొదట మెషిన్ ముట్టుకుంటే అమ్మ చేతికి జివ్వుమంది. ఆయన సాకెట్‌లో చిన్న వైరు ముక్క కలిపారు, ఆ జివ్వుమనడమూ పోయింది. పది నిమిషాల పని. మీకు తెలియాలని చేశాను."

"ఏ వైరు మేడం? న్యూట్రల్‌కెల్లి ఎర్త్ పిన్నుకు కలిపిండా?"

"అలాగే ఉంది. పని చేస్తోంది కదా, ఇంకేం కావాలి?"

"మెయిన్ స్విచ్ బంద్ చేయండి. అమ్మను మిషన్ దగ్గరికి పోనియ్యకండి. నేనొస్తున్న."

మధ్యలో వాన పట్టుకుంది. నేను ఆగలేదు. ముద్దగా తడిసి వెళ్లేసరికి ముగ్గురూ వరండా గడప దగ్గర ఉన్నారు. పద్మావతి గారు తువ్వాలిచ్చారు. నేను చెప్పినట్టే ఆమని మెయిన్ స్విచ్ కట్టేసి ఉంచింది. అంత నమ్మకమైనా మిగిలినందుకు సంతోషించాను.

"ఎవరూ గడప దాటకండి," అన్నాను. చేతులు తుడుచుకుని, రబ్బరు గ్లౌజులు తొడిగి, బోర్డులో బయటి నుంచి వచ్చే న్యూట్రల్ వైరు ఊడదీశాను. "ఎలుక కొరుకుతదో, స్క్రూ లూజైతదో, ఎప్పుడో ఓనాడు ఇది ఊడుతది. ఇయ్యాల నేనే తీసిన. ఇప్పుడు హాల్ల లైటు స్విచ్చేసి మెయిన్ ఆన్ చేస్త."

లైటు వెలగలేదు.

"కరెంటు పోయిందనుకుంటరు కదా." టెస్టర్ తీసి మెషిన్ తెల్లటి డబ్బాకు ఆనించాను. టెస్టర్‌లో ఎర్రటి దీపం వెలిగింది. "ఇగో, ఆ లైటు తొవ్వల వచ్చిన కరెంటు ఈ వైరు ముక్కకెల్లి గీ డబ్బా మీదికొచ్చి కూసుంది."

మెయిన్ కట్టేసి, న్యూట్రల్ మళ్లీ బిగించి, సాకెట్‌లోని ఆ దొంగ వైరు ముక్క పీకేశాను. పద్మావతి గారు తన తడి చేతులను చీర చెంగుతో తుడుచుకున్నారు, మళ్లీ మళ్లీ తుడుచుకున్నారు. యజ్ఞనారాయణ గారు కుర్చీలో కూలబడ్డారు.

"ఆమనీ, ఈ అబ్బాయి తప్పేం లేదమ్మా. ఎర్త్ తీయించింది నేను." గొయ్యి సంగతి, వాస్తు సంగతి, నా దగ్గర మాట తీసుకున్న సంగతి అన్నీ చెప్పేశారు.

ఆమని అరుస్తుందనుకున్నాను. "నా పెళ్లి కోసం అమ్మను ఇలా వదిలేశారా నాన్నా," అంది అంతే. ఆయన కళ్లజోడు తీసేశారు. తర్వాత ఆమె నా వైపు తిరిగింది.

"మీరు నాకు చెప్పలేదే?"

"మాటిచ్చిన మేడం. చెప్పాల్సుండె. గది నా తప్పు."

"నా తప్పు అంతకంటే పెద్దది." మెడలోని గొలుసును వేళ్లతో తిప్పుతోంది. "ఆఫీసులో నా పని టెస్టింగేనండి. ప్రోగ్రాంలో ఒక్క లైను మార్చినా, పాత రిపోర్ట్ పనికిరాదు, మొత్తం మళ్లీ టెస్ట్ చేయాలని పోట్లాడేది నేనే. 'పని చేస్తోంది కదా, ఇంకేం కావాలి' అని అందరూ విసుక్కుంటారు. ఒక్కోరోజు ఏడుపొస్తుంది. ఆ మాటే మీతో అన్నాను."

నాకు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది. తడిసిన బట్టల చలి అప్పుడు తగ్గింది.

"అదే మూలలో తవ్వు బాబూ," అన్నారు యజ్ఞనారాయణ గారు.

"వేరే మూల కూడా ఉంది సార్."

"వద్దు. మూసిన చోటే తెరవాలి."

మా వాడలో మట్టి పని చేసే యాదయ్యను తోడు తెచ్చుకుని రెండు రోజులు తవ్వాను. ఆ రెండు సాయంత్రాలూ ఆమని తొందరగా ఇంటికొచ్చేసింది. కొత్త సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఏమవుతాయోనని ఊరంతా పరేషాన్‌గా ఉన్న రోజులవి, ఆమె ఆఫీసులో పనికి కొదవ లేదు. అయినా వచ్చేది.

"పైపు చుట్టూ బొగ్గు, ఉప్పు ఎందుకండి? ఆవకాయ పెడుతున్నారా?"

"తడి పట్టి ఉంచనీకి. ఎండాకాలం రోజూ ఓ బిందె నీళ్లు పొయ్యాలె."

"నేను మరిచిపోతే?"

"నేనొచ్చి పోస్త."

"రోజూనా?"

"రోజూ."

ఆమె గొయ్యిలో పోయడానికి తెచ్చిన నీళ్ల బిందె కింద పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది. నేనేం తప్పు మాట్లాడానో తెలియక గొయ్యిలో నిలబడిపోయాను.

పని అయ్యాక సాకెట్‌కు మళ్లీ బల్బు పరీక్ష పెట్టాను. ఎర్త్‌లో నిండుగా వెలిగింది. "ఇంకోసారి," అంది ఆమని. వెలిగింది. "ఇంకోసారి." మూడోసారి అవసరం లేదని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

సంచీ తీసుకుని గేటు దాకా వెళ్లాను. వెనకే వచ్చింది.

"నరేందర్ గారూ, మీకు ఒక మాట చెప్పాలి. నేను మిమ్మల్ని మోసగాడనుకుంటున్నానని తెలిసి కూడా మీరు నాన్నను పట్టివ్వలేదు. తిట్టినదాని ఇంటికి వానలో పరుగెత్తుకొచ్చారు. మీరంటే నాకు ఇష్టం."

సంచీ కింద పెట్టేశాను. "నాక్కూడ మీరంటే పానం మేడం. కానీ జర ఆలోచించండి. మాది చిన్న ఇల్లు. నేను వైర్లు లాగేటోణ్ణి. మీ నాన్నగారు..."

ఆగిపోయాను. మా వెనక యజ్ఞనారాయణ గారు బిందెతో నిలబడి ఉన్నారు. గొయ్యికి నీళ్లు పోయడానికి వచ్చినవారు, అంతా విన్నారు. ఆమని నా పక్కనుంచి కదల్లేదు.

ఆయన బిందె దించి, ఆ మూల వైపు చూశారు. "గొయ్యి మూయించి రెండేళ్లు సంబంధాలు వెతికాను," అన్నారు నెమ్మదిగా. "ఒక్కడూ నాకు నచ్చలేదు. మీ నాన్నగారి పేరేమిటి?"

"ఐలయ్య సార్. ఆదివారం తోలుకొస్త సార్."

"వద్దు బాబూ. ఆడపిల్ల తరఫువాళ్లం, అడగవలసింది మేము. మేమే వస్తాం. పుప్పాలగూడకి బస్సు ఎన్నింటికి?"