ఆల్బర్‌కోట్ ఇంటి కాగితాలు

హెస్టర్‌ని నేను మొదటిసారి చూసినప్పుడు ఆమె తన వంశ చరిత్రని తగలబెడుతోంది. నాకలా అనిపించింది మరి.

అది 1955 సెప్టెంబరు, ఇంగ్లండులో. ష్రాప్‌షైర్‌లో ఆల్బర్‌కోట్ అనే పెద్ద ఇంటిని కూలగొట్టబోతున్నారనీ, అందులో మూడు వందల ఏళ్ల నాటి కాగితాలున్నాయనీ కబురొస్తే, కౌంటీ రికార్డుల ఆఫీసు వాళ్లు నన్ను పంపారు. నా పేరు మార్టిన్ బెడోస్. అప్పటికి పాతికేళ్లు. సైన్యంలో తప్పనిసరి రెండేళ్లు పూర్తిచేసి, ఆఫీసులో చేరి ఏడాదైంది. పాత కాగితం కనిపిస్తే ఒళ్లు మర్చిపోయే రకాన్ని.

గేటు దాటి సైకిలు తొక్కుకుంటూ వస్తుంటే పచ్చిక మధ్యలో పెద్ద మంట కనిపించింది. పక్కనే మగవాళ్ల ప్యాంటూ, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లూ వేసుకున్న ఒకమ్మాయి నిలబడి, కాగితాల కట్టలు ఒక్కొక్కటే మంటలోకి విసురుతోంది. సైకిలు ఎక్కడ పడేశానో తెలీదు. పరుగెత్తి, మంటలో చెయ్యి పెట్టి, అందిన కట్టని బయటికి లాగాను. కోటు చెయ్యి అంటుకుంది.

ఆ అమ్మాయి ఏమీ కంగారు పడలేదు. పక్కనున్న బకెట్ ఎత్తి నా మీద నీళ్లు కుమ్మరించింది.

"ఇప్పుడు చెప్పండి. ఎవరు మీరు?"

"రికార్డుల ఆఫీసు నుంచి వచ్చాను. మీరు ఏం తగలబెడుతున్నారో మీకు తెలుసా? ఒకసారి పోతే మళ్లీ రావివి."

"నిజమే, రావు. ఏం కాపాడారో ఒకసారి చూసుకోండి."

చూసుకున్నాను. కోళ్ల పెంపకం మీద వచ్చే వారపత్రికలు. 1938, జనవరి నుంచి జూన్ దాకా.

"జులై నుంచి డిసెంబరు ఇంకా మంటలోనే ఉన్నాయి. దూకుతారా?" అంది.

ఆమె హెస్టర్ థార్న్‌హే. ఆ ఇంటి చివరి వారసురాలు. వంటింట్లోకి తీసుకెళ్లి, కుళాయి కింద నా చెయ్యి పెట్టించి, పాత నాప్‌కిన్ చింపి కట్టు కట్టింది. కడుతున్నంత సేపూ నవ్వు ఆపుకుంటోందని పెదవులు చూస్తే తెలుస్తోంది. నేను మాత్రం ఎక్కడ చూడాలో తెలియక ఆమె బూట్లని చూస్తూ కూర్చున్నాను.

తర్వాత వాళ్ల నానమ్మ ముందు నిలబెట్టింది. లేడీ థార్న్‌హేకి ఎనభై రెండేళ్లు. వాన కారని గది ఆ ఇంట్లో అదొక్కటే మిగిలింది. అందులో ఓవర్‌కోటు తొడుక్కుని, వీపు కుర్చీకి ఆనించకుండా కూర్చుని ఉంది.

"మా ఉత్తరాలు మీ ఆఫీసులో ఎవరు చదువుతారు?"

"ఎవరైనా చదవచ్చు, మేడం. టీచర్లు, చదువుకునే పిల్లలు, తమ తాతముత్తాతల గురించి వెతుక్కునేవాళ్లు."

"అంటే మా దగ్గర పనిచేసినవాళ్ల మనవలు."

"వాళ్లే ఎక్కువ. నేనూ వాళ్లలో ఒకణ్ణే. మా తాతమ్మ ఇక్కడ పాలగదిలో వెన్న తీసేది."

పక్కన హెస్టర్ దగ్గింది. ముసలావిడ నన్ను తల నుంచి కాళ్ల దాకా, కాలిన కోటుతో సహా, చూసింది.

"మూడు వారాలు. కూల్చేవాళ్లు కొలతలకి వచ్చేలోగా ముగించండి. హెస్టర్, ఈయన్ని ఒక కంట కనిపెట్టి ఉండు. మంటల దగ్గరికి మాత్రం పోనివ్వకు."

ఆ మూడు వారాలు నా జీవితంలో ఇప్పటికీ వేరేగా ఉంటాయి.

కాగితాలన్నీ గుర్రపుశాల పైన ఒక పొడవాటి గదిలో ఉండేవి. నిచ్చెన ఎక్కి వెళ్లాలి. ఇనప్పెట్టెలు, చెక్క అరలు, ఎలుకలు కొరికిన తోలు సంచులు. రోజూ వాన. కప్పు మీద చినుకుల చప్పుడులో నేను చదివి రాసుకుంటుంటే, హెస్టర్ కట్టలు విప్పి దుమ్ము దులిపి అందించేది. మధ్యాహ్నానికి ఆమె ముక్కు కొస నల్లగా అయ్యేది. చెబుదామని రోజూ అనుకునేవాణ్ణి. చెబితే తుడుచుకుంటుందని చెప్పేవాణ్ణి కాదు.

"ఈ టామస్ గిటిన్స్ అనే రైతు పాపం చూడండి," అంది ఒకరోజు. "మా జింకలు వచ్చి తన క్యాబేజీలు తినేస్తున్నాయని ఏడేళ్లు ఉత్తరాలు రాశాడు. ఏడేళ్లూ అవే జింకలు, అవే క్యాబేజీలు."

"జవాబు నా దగ్గరుంది. మీ ముత్తాతల్లో ఒకాయన చివరికి ఓపిక పట్టలేక పరిష్కారం చేశాడు."

"కంచె కట్టించాడా?"

"లేదు. జింక తొడ ఒకటి పంపించాడు. క్యాబేజీతో వండుకుంటే బాగుంటుందని రాశాడు."

హెస్టర్ నవ్వి నవ్వి అరకి ఆనుకుని కూర్చుండిపోయింది. "మా వాళ్లంతా ఇంతే, మిస్టర్ బెడోస్. మంచి మనసే. కంచె కట్టడం మాత్రం ఒక్కడికీ రాలేదు. అందుకే ఇల్లిలా అయింది."

ఆ మాటకి ఇద్దరం నవ్వు ఆపేశాం. పక్కనే ఉన్న ఇంటి కప్పులోంచి బకెట్లలోకి నీళ్లు పడుతున్న శబ్దం ఇక్కడికీ వినిపిస్తోంది.

"మీకు బాధగా లేదా?" అన్నాను.

"ఉంది. కానీ నానమ్మ ముందు ఉండకూడదు. ఆవిడకి నా ముందు ఉండకూడదు. అందుకని ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకుంటాం."

మూడో వారంలో ఎస్టేటు మేనేజరు వాడిన ఒక రేకుపెట్టె తెరిచాను. అడుగున ఖాకీ రిబ్బను కట్టిన కవర్లు. చిన్నపిల్లల గుండ్రటి అక్షరాలు, వెనక వైపు 'నీ కూతురు' అని. మేజర్ థార్న్‌హే పేరు మీద, ఇటలీలో ఆయన దళానికి పంపినవి. ప్రతిదాని మీదా సైన్యం ముద్ర: అందజేయడం వీలుకాలేదు. ఒక్కటీ విప్పలేదు. మొత్తం పదకొండు.

చెయ్యి అలవాటుగా పుస్తకంలో రాసేసింది: 114. కూతురు తండ్రికి రాసిన ఉత్తరాలు, 1944, అందనివి, పదకొండు. రాశాక గానీ ఆ కూతురు ఎవరో నాకు తట్టలేదు. తల ఎత్తితే ఎదురుగా హెస్టర్ చీపురుతో అర ఊడుస్తోంది.

పుస్తకం మూసి, కట్ట తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాను.

కవరు మీది ముద్రని వేలితో తడిమింది.

"ఇవి తిరిగొచ్చాయని నాకెవరూ చెప్పలేదు," అంది. "మీరు చదివారా?"

"లేదు."

"మూడు వందల ఏళ్ల మా వాళ్ల ఉత్తరాలన్నీ చదివారు."

"వాళ్లెవరూ నా ఎదురుగా చీపురు పట్టుకుని లేరు."

ఒక పెట్టె మీద కూర్చుంది. పక్కన చోటు చూపించింది. "నేను చదవలేను. మీరు చదివి వినిపించండి. మామూలుగా, జింకల ఉత్తరం చదివినట్టే చదవండి."

మొదటి కవరు విప్పాను.

'నాన్నా, మన గుర్రం బ్రాంబుల్ కుంటుతోంది. నీకు చెప్పొద్దని నానమ్మ అంది. కానీ నువ్వొచ్చి చూసి కోప్పడతావు కదా, అందుకని ముందే చెప్పేస్తున్నా. రోజూ ఒక యాపిల్ పెడుతున్నా. నేను రెండంగుళాలు పెరిగాను. స్టేషన్లో నన్ను చూసి వేరే ఎవరో అనుకుంటావేమో. ఎర్ర స్కార్ఫ్ కట్టుకుని వస్తాను, అది నేనే.'

ఒకటయ్యాక "ఇంకొకటి" అంది. పదకొండూ చదివాను. చివరిదయ్యేసరికి కిటికీలో వెలుగు పలచబడింది. ఆమె ఏడవలేదు. నిచ్చెన దిగాక నా కోటు చెయ్యి పట్టుకుంది. వంటింటి గుమ్మం దాకా వదల్లేదు.

ఆ రాత్రి బసకి ఎలా చేరానో, దారిలో ఎన్నిసార్లు చెరువు గట్టు మీదికి సైకిలు పోనిచ్చానో చెప్పను.

అంత ఆనందంలో చెయ్యాల్సిన పని ఒకటి మర్చిపోయాను. నా పుస్తకం టైపు చేయడానికి ఆఫీసుకి పంపేటప్పుడు ఆ ఒక్క వరుసా కొట్టేయలేదు.

టైపు చేసిన జాబితా పోస్టులో నేరుగా లేడీ థార్న్‌హేకి వచ్చింది. పెట్టెల కోసం వ్యాను రావడానికి ముందురోజు నేను వెళ్లేసరికి హెస్టర్ గుర్రపుశాల గుమ్మంలో ఆ కాగితం పట్టుకుని నిలబడి ఉంది.

"నూట పద్నాలుగు," అని చదివింది. "'కూతురు తండ్రికి రాసిన ఉత్తరాలు, అందనివి, పదకొండు.' ఈ వాక్యం మీదేనా?"

"నాదే. మీకివ్వక ముందు రాశాను. తర్వాత కొట్టేయాలి. మర్చిపోయాను."

"మర్చిపోయారు." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "ఆ మధ్యాహ్నం నాకు ఒక్క మాట పోకుండా గుర్తుంది. మీరు మర్చిపోయారు. ఇంతకీ మేం మీకు ఎవరం, మిస్టర్ బెడోస్? కాళ్లొచ్చిన పాత కాగితాలం, అంతేనా?"

"హెస్టర్..."

"మిస్ థార్న్‌హే."

ఆమె వెళ్లిపోయింది. నేను ముసలావిడ దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. కాగితాలు ఇవ్వనంటుందేమోనని భయం. నిజానికి ఆ భయం రెండోది.

"పెట్టెలు తీసుకెళ్లండి. మాటిచ్చాను," అంది లేడీ థార్న్‌హే. "హెస్టర్‌ని ఇప్పుడు కదిలించకండి. మా అబ్బాయి యుద్ధంలో పోయినప్పుడు కూడా అది ఏడవలేదు. ఇవాళ ఏడుస్తోంది. ఏడవనివ్వండి."

మర్నాడు నలభై మూడు పెట్టెలు వ్యానులోకి ఎక్కాయి. వీడ్కోలుకి హెస్టర్ రాలేదు. వాళ్లిద్దరూ బాత్ నగరంలో చిన్న ఫ్లాటుకి మారిపోయారు. జనవరిలో ఇల్లు కూల్చేశారు. నేను చూడ్డానికి వెళ్లలేదు.

ఆ చలికాలమంతా వాళ్ల కాగితాలే నా పని. టామస్ గిటిన్స్ క్యాబేజీలు మళ్లీ చదివాను. ఈసారి నవ్వు రాలేదు. హెస్టర్‌కి ఎన్నో ఉత్తరాలు మొదలుపెట్టి చింపేశాను. ఫిబ్రవరిలో ఒకటి పోస్టు చేశాను. తప్పు నాదేనని, క్షమించమని అడిగే హక్కు కూడా లేదని, ఆమె ముక్కు మీద దుమ్ము గురించి మూడు వారాలు కావాలనే చెప్పలేదని రాశాను. ఆఖరి వాక్యం ఎందుకు రాశానో నాకే తెలీదు.

జవాబు రాలేదు.

మార్చిలో ఒక మంగళవారం, చదువుకునేవాళ్లు కూర్చునే గదిలో బల్ల దగ్గర డ్యూటీలో ఉన్నాను. ఎవరో వచ్చి కాగితం అడిగే చీటీ నా ముందు పెట్టారు. చదివాను. 'ఆల్బర్‌కోట్ కాగితాలు. నంబరు 114.'

తల ఎత్తాను. టోపీ, గ్లవ్స్, బాత్ నగరపు మర్యాదస్తురాలి కోటు. ముక్కు మీద దుమ్ము లేదు.

"అలాంటి నంబరు లేదండి," అన్నాను.

"చూసి చెప్పండి."

కొత్త జాబితా తీసి ఆమె వైపు తిప్పాను. నూట పదమూడు తర్వాత ఒక ఖాళీ వరుస. ఆ కింద నూట పదిహేను.

"కింది నంబర్లు పైకి జరపొచ్చు కదా. ఎవరికీ తెలిసేది కాదు," అంది.

"జరపమనే చెప్పారు మా ఆఫీసు పెద్దాయన. కానీ అక్కడ ఇంకేదో పెట్టడానికి నాకు మనసొప్పలేదు."

పక్క బల్ల దగ్గర ఒక పాదిరీ గారు చదవడం మానేసి మమ్మల్నే చూస్తున్నారు.

హెస్టర్ ఆ ఖాళీ వరుస మీద గ్లవ్ వేలు ఆనించింది. "మీ ఉత్తరం నానమ్మ కూడా చదివింది. దస్తూరీ బాగుందంది. అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఆవిడ నోట ఇరవై ఏళ్లలో నేను వినలేదు. ఆదివారం లంచ్‌కి రమ్మంది. రోస్ట్ మటన్ ఉంటుంది, మాట్లాడ్డానికి వాతావరణం తప్ప ఏమీ ఉండదు. వస్తారా?"

"వస్తాను."

"ఇవాళ ఎన్నింటికి వదుల్తారు?"

నేను పెద్దాయన గది వైపు చూశాను. ఆయన తలుపు సందులోంచి చేత్తో పొమ్మని సైగ చేశారు.

బస్సులో ఆల్బర్‌కోట్ వెళ్లాం. తనే వెళ్దామంది, ఒక్కతే చూడలేనంది. గేటు స్తంభాలున్నాయి. దారి ఉంది. దారి చివర ఇల్లు ఉండాల్సిన చోట ఆకాశం ఉంది. ఇటుక ముక్కలు ఏరేసి, నేల చదును చేసి గడ్డి గింజలు చల్లినట్టున్నారు, లేత పచ్చదనం అప్పుడే మొలుస్తోంది. సన్నటి తుంపర.

నేను ముందుకు అడుగేయబోయాను.

"అటు కాదు," అంది. "అక్కడ గోడ. తలుపులోంచి రండి."

నిజంగానే తలుపు తీసినట్టు చెయ్యి తిప్పింది. నేను టోపీ తీసి లోపలికి వెళ్లాను. ఇది హాలు, ఇది నాన్న బూట్లు విడిచే చోటు, ఇక్కడ చలికి కుక్కలు పడుకునేవి అంటూ ఒక్కో గదీ అడుగులతో కొలిచి చూపించింది. చెబుతుంటే గొంతు వణుకుతోంది, మళ్లీ నవ్వుతోంది, మళ్లీ వణుకుతోంది.

"ఇది లైబ్రరీ. మా వంశంలో మగవాళ్లంతా పెళ్లి మాట ఇక్కడే అడిగేవాళ్లట."

"కూర్చోబెట్టి అడగడానికి కుర్చీ కూడా లేదు."

"వాళ్లు నిలబడే అడిగారు."

తుంపర వానగా మారుతోంది. టోపీ చేతిలోనే ఉంది, తల తడిసిపోతోంది. చలికాలమంతా చింపేసిన ఉత్తరాల్లో ఎన్ని మంచి వాక్యాలున్నాయో, ఒక్కటీ గుర్తు రాలేదు.

"నాకు ఎస్టేటు లేదు, హెస్టర్. ఒక సైకిలుంది. మతిమరుపుంది. నిన్ను మాత్రం ఒక్క రోజూ మర్చిపోలేదు. నన్ను చేసుకుంటావా?"

"బాత్ నుంచి మూడు రైళ్లు మారి వచ్చాను, మార్టిన్," అంది. "కాగితం కోసం వచ్చాననుకున్నావా?"

కన్నీళ్లో వానో తుడిచింది, నా ముఖం మీదివి కూడా. చివరి బస్సుకి టైమవుతోంది. నా చెయ్యి పట్టుకుని లైబ్రరీలోంచి తోటవైపు తీసుకెళ్లసాగింది. సగం దూరంలో ఆగింది.

"ఇక్కడ మెట్టుంది. చూసుకో."

నేను కాలెత్తి, ఆ చదును నేల మీద జాగ్రత్తగా మెట్టు దిగాను.