గోడ గడియారం పట్టించిన హంతకుడు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండర్రా. ఆ ఫోన్లు బోర్లా పెట్టండి. ఒక్కసారే చెప్తాను, మధ్యలో లేచి వెళ్ళినవాళ్ళకి మళ్ళీ మొదట్నుంచి చెప్పే ఓపిక నాకు లేదు.

గడియారాలు బాగుచేసే పిల్ల ఒకతి ఉండేది. తండ్రి కొట్లోనే పని నేర్చుకుంది. కంటికి భూతద్దం బిగించుకుని కూర్చుందంటే వచ్చిన మనిషి మొహం చూడదు, ముందు చేతికున్న వాచీ చూస్తుంది. ఆ పేటలో సినిమా పిచ్చోళ్ళ సంఘం ఒకటుంది. ఏటా చిన్న సినిమాలకి పోటీ పెడతారు. జడ్జీలు ముగ్గురు. ఒక డ్రాయింగు మాస్టారు, ఒక లైబ్రేరియనమ్మ, మూడో మనిషి కోసం మామూలు ప్రేక్షకుల్లోంచి చీటీ తీస్తారు. ఆ ఏడు చీటీ ఈ పిల్లకి తగిలింది.

వచ్చినవాటిలో ఒకటి హత్య సినిమా. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే కుర్రాడు, వాడి స్నేహితులూ వాడింట్లోనే తీశారు. శవంగా వాడి అమ్మే పడుకుంది. డిటెక్టివు వాడే. అద్దెకున్నవాడు చంపాడని చివర్లో తేలుస్తాడు. రక్తమంటే ఎర్రసిరా.

జడ్జీలు ముందోసారి చూసి రాసిన కాగితం ఆ సినిమా తీసినవాళ్ళ చేతికిచ్చి, సరిచేసుకోడానికి నాలుగు రోజులు గడువిస్తారు. మిగతా ఇద్దరూ "బాగానే ఉంది" అని రాసి ఊరుకున్నారు. మన పిల్ల మాత్రం ఒక్క ముక్క రాసింది. "హంతకుడు డిటెక్టివే. మళ్ళీ చూసుకోండి."

మర్నాడు పొద్దున్నే కుర్రాడు కొట్లో ప్రత్యక్షం.

"ఇది రాసింది మీరేనా?"

"మీ వాచీ ఆరు నిమిషాలు వెనక నడుస్తోంది" అంది, తలెత్తకుండా.

"నా వాచీ సంగతి తర్వాత. సినిమా చూశారా, నిద్రపోయారా?"

"చూశాను. గోడ గడియారం చూశాను."

"గోడ గడియారం ఎవరు చూస్తారండీ?"

"నేను ఇంకేం చూస్తాను?" అంది. "మీ అమ్మగారు పడిపోయినప్పుడు అందులో నాలుగు. అద్దెవాడు లోపలికొచ్చినప్పుడు పది, వెళ్ళిపోయినప్పుడు పదింబావు. పది నిమిషాలు తక్కువ నాలుక్కి గుమ్మంలో నిలబడింది మీరు. ఆ టైముకి ఇంట్లో ఉన్నది మీరొక్కరే."

వాడు స్టూలు లాక్కుని కూలబడ్డాడు. "పదకొండు ఆదివారాలు తీశాం. కుదిరినప్పుడు కుదిరినంత. అక్కడో గడియారం ఉందనే మర్చిపోయాం."

గొంతు తగ్గించాడు. "మార్కులు కాస్త చూసి వెయ్యకూడదా? ఫస్టొచ్చిన సినిమా ఒక్కటే పెద్ద హాల్లో వేస్తారు. అమ్మ పదకొండు ఆదివారాలు చల్లటి నేల మీద పడుకుంది. తనని తెర మీద చూసుకోవాలని చుట్టుపక్కల అందర్నీ పిలిచేసింది కూడా."

"లేని మార్కులు నేను వెయ్యలేనండీ."

"అంతేనా?"

"అంతే. గడియారాన్ని ఎలాగూ మార్చలేరు. హంతకుణ్ణి మార్చండి."

వాడు ఆ పిల్ల వంక అలా చూస్తూ ఉండిపోయాడు. తర్వాత నవ్వాడు.

ఇంక చూడండి. రోజూ భోజనాల వేళకి లాప్‌టాప్ పట్టుకుని రావడం, విప్పి పెట్టిన వాచీల మధ్య కూర్చోవడం. సినిమాలో ఏ ముక్క ముందు, ఏది వెనక అని పిల్ల చెప్పడం, వాడు కత్తిరించడం.

"ఆఖర్న హంతకుడి మొహం పెట్టాలి మీరు."

"ఇది నా మామూలు మొహమండీ."

"అందుకే సరిపోయింది."

లోపలి గదిలోంచి తండ్రి అడిగాడు, "ఒక్క వాచీకి ఇన్ని రోజులేంటి బాబూ?"

"ఆరు నిమిషాలు వెనకండీ. కష్టమైన కేసు."

శనివారం మార్కులు వెయ్యాలి. కాగితంలో ప్రతి సినిమా కిందా ఒక ప్రశ్న ఉంది. తీసినవాళ్ళలో మీ సొంతవాళ్ళు ఉన్నారా? ఉంటే ఆ సినిమాకి మార్కులు వెయ్యకూడదు. అన్నిటికీ "లేరు" అని రాసుకుంటూ వచ్చిన పిల్ల, హత్య సినిమా దగ్గర ఆగిపోయింది. ఇప్పుడది నిజంగానే బాగుంది. పదికి తొమ్మిది వెయ్యొచ్చు. అందులో సినిమాకెన్ని, మనిషికెన్ని అంటే మాత్రం విడదీయలేకపోయింది.

"ఉన్నారు" అని రాసి కాగితం ఇచ్చేసింది.

లైబ్రేరియనమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "ఏమవుతాడమ్మా?"

"ఇంకా ఏమీ అవలేదండీ."

"అయితే లేరు అని రాయొచ్చుగా."

"రాస్తే అబద్ధమవుతుందండీ."

ఆ సినిమాకి మిగతా ఇద్దరి మార్కులే కలిపారు. సినిమా ఒకటిన్నర మార్కు తేడాతో రెండోదయింది. పెద్ద హాల్లో వెయ్యలేదు.

జడ్జీల కాగితాలు సంఘం గోడకి అంటిస్తారు. కుర్రాడు పిల్ల రాసింది చదివి వచ్చి కొట్టు గుమ్మంలో నిలబడ్డాడు. వాడి వెనకే వాళ్ళమ్మ.

"నా సినిమా పోగొట్టిన పిల్లెవరో చూద్దామని వచ్చాను."

"నేనేనండీ."

"సరే, చెప్పు. నేనెలా చేశాను?"

పిల్ల కుర్రాడి వంక చూసింది. వాడు వద్దన్నట్టు తలూపాడు. "మధ్యలో రెండుసార్లు ఊపిరి పీల్చుకున్నారండీ" అంది.

"ఇన్నాళ్ళూ ఇంటిల్లిపాదీ అద్భుతం, అద్భుతం అంటున్నారు" అంది కొడుకుతో. "ఒక్కడూ చెప్పలేదు." ఇటు తిరిగి, "ఆదివారం మీ నాన్నని తీసుకుని భోజనానికి రా. ఈయన గారు ఇంట్లో ఎలా ఉంటాడో నేనూ ఉన్నదున్నట్టు చెప్తాను" అంది.

అయిపోయింది. గుర్తుంచుకోండి, ఎవరైనా అడిగితే చెప్పండి. అయితే ఒకటి. వినడానికి బాగుంటుందని సినిమా గెలిచినట్టు మార్చకండర్రా. రెండోదే వచ్చింది. అలాగే చెప్పండి.