రెండుసార్లు మారిన సైటు

పొద్దున్నే వర్క్‌షాపు కిటికీ తెరిచి, కూతురు అలవాటుగా బల్ల మీది రెండు రైఫిళ్లనూ తుడిచింది. డెబ్బై ఏళ్ల నాటి పోటీ రైఫిళ్లు, చూడ్డానికి అచ్చం కవలలే. తుప్పు వదిలించి, కర్రకు నూనె పట్టించి, వాటికి ప్రాణం పోయడానికి తండ్రికి మూడు నెలలు పట్టింది. పదింటికి క్లబ్బు కోచ్ వచ్చి తీసుకెళ్తాడు. రేపే పాత రైఫిళ్ల పోటీ.

గురి చూసుకునే వెనక సైటు ఏ రైఫిల్‌ది ఆ రైఫిల్‌కే ఉండాలి. అందుకే రైఫిల్ మీదా, దాని సైటు మీదా ఒకే నంబరు కొట్టి ఉంటుంది. ఆమె భూతద్దం పెట్టి చూసింది. రైఫిల్ మీద చివరి అంకె మూడు, సైటు మీద ఎనిమిది.

"నిన్న సాయంత్రం నేను సరిచేశానుగా!" నోరు జారింది.

టీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చిన తండ్రి మొహం ఎర్రబడింది. "నువ్వు సరిచెయ్యడమేంటి? తారుమారుగా బిగించానని లేవగానే గుర్తొచ్చి, ఇందాకే మార్చింది నేనైతే!"

"నంబరు చూసి మార్చావా?"

ఆయన టీ ఊదుకున్నాడు.

"చూశావా నాన్నా?"

"కనబడి చస్తేగా చూడ్డానికి!" అంటూ గ్లాసు బల్ల మీద పెట్టబోయాడు. బల్ల అంచు తప్పింది. గ్లాసు భళ్లున పగిలింది.

చీపురుతో పరిగెత్తుకొచ్చింది తల్లి. "నాలుగు నెలలుగా ఆయనేమో చూపు తగ్గిందని అమ్మాయికి చెప్పకంటాడు, నువ్వేమో వెనకాల దిద్దుతున్నానని నాన్నకి తెలియనివ్వకంటావు. ఇద్దరూ కలిసి నా నోరు కుట్టేశారు. ఇప్పుడు పడండి!"

"ఎన్నాళ్లు దాస్తావు నాన్నా? రేపు గురి తప్పితే నలభై ఏళ్ల పేరు గంగలో కలిసేది!" కూతురు గొంతు పెరిగింది.

"చెబితే ఇక్కణ్ణించి లేపేస్తారు. అప్పుడింక నేనెందుకే?" అన్నాడాయన, చాలా చిన్నగా.

తండ్రి పరువు కాపాడుతున్నానని ఇన్నాళ్లూ ఆమె మురిసిపోయింది. చాటుగా దిద్దిన ప్రతిసారీ ఆయన్ని ఆ బల్ల దగ్గర్నుంచి తనే కొంచెం కొంచెంగా లేపేస్తోందని ఇప్పుడు అర్థమై సిగ్గుతో చచ్చిపోయింది.

గాజుముక్కలు దాటించి, ఆయన్ని చెయ్యి పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టింది. స్క్రూడ్రైవర్ అరచేతిలో పెట్టింది. "నంబరు నేను చదువుతా. బిగించేది నువ్వే."

సైట్లు రెండూ ఊడొచ్చాయి. ఆ వేళ్లు తడుముకోలేదు, తొట్రుపడలేదు. కొత్తగా బిగించిన స్క్రూ మీద బొటనవేలు రాసి చూసి, "గాడి బ్యారెల్ వెంబడే ఉండాలి. నిన్న నువ్వు అడ్డంగా వదిలేసే ఉంటావు" అని దెప్పాడు.

"వదిలేశాను" అంది.

"ఏదీ, అంకె ఇంకోసారి చదువు. ఈసారి తప్పు రాకూడదు."

ఆమె భూతద్దం ఎత్తింది. కళ్ల నిండా నీళ్లు. అంకె అలుక్కుపోయింది.

"ఉండు నాన్నా," అంది, "నాకూ కనబడట్లేదు."