ఏడో నంబర్ బండి

"చెరుకు బండి ఎక్కిందా?" అడిగింది చెవిలోని ఇయర్‌పీస్.

"ఎక్కింది. గడ ఒక్కటి గూడ విరగలే," అన్నాడు శాంతి కుమార్.

కోడ్ సరిపోయింది. హైదరాబాద్ నుంచి ఇంటెలిజెన్స్ చీఫ్ రాజలింగు నేరుగా విషయంలోకి దిగాడు.

"నిరోష. మిసైల్ గైడెన్స్ సైంటిస్ట్. సొంతూరు నవీపేట్. లీవ్ పెట్టి నీ టూర్‌కు వచ్చింది. కోబాల్ట్ ముఠా ఆమెను ఇయ్యాల్నే లేపేస్తదని ఇన్‌పుట్. టూర్ ఆపితే ముఠాలో ఉన్న మన మనిషి బయటపడ్తది. నువ్వే చూసుకో."

చూసుకోవాలట! ఏసీ గదిలో కూర్చుని చెప్పడానికేం, నోరేమన్నా అరుగుతుందా? శాంతి కుమార్ పళ్లు నూరుకుని, పైకి నవ్వాడు. ఎదురుగా ఎనిమిది మంది టూరిస్టులు హెల్మెట్లు బిగించుకుంటున్నారు. అతని వేషం ఎలక్ట్రిక్ బైక్ టూర్ గైడ్. రూటు అశోక్‌సాగర్ నుంచి అడవిలో పడి, అలీసాగర్ గుట్టల మీదుగా బోధన్ దాకా.

"ఒక్కటే రూల్. నా విజిల్ పొడుగ్గ మోగిందంటే, ఏం చేస్తున్నా సరే, బ్రేక్ కొట్టి రెండు కాళ్లు నేల మీద పెట్టాలె."

"స్కూల్ల పీటీ సార్ లెక్కనే ఉన్నవన్నా," అంది ఏడో నంబర్ బండి మీది నిరోష. అందరూ నవ్వారు.

వెనక బ్యాటరీల వ్యాన్ నడుపుతున్నది హెప్సిబా. ఎర్ర జాకెట్, నల్ల గాగుల్స్, చూసినవాడు మళ్లీ చూసే మనిషి. ముఠాలో ఉన్న మన మనిషి ఆమే. డిపార్ట్‌మెంట్‌లోకి తెచ్చింది శాంతి కుమార్. "నమ్మదగిన మనిషి" అని ఫైల్ మీద సంతకం పెట్టిందీ అతనే. ఆ సంతకంలో సగం ఉద్యోగం, సగం ప్రేమ. ప్రేమకు ఎవడు వెరిఫికేషన్ చేస్తాడు!

అలీసాగర్ గట్టు మీద చాయ్‌కి ఆగారు. హెప్సిబా ఏడో నంబర్ బండికి బ్యాటరీ మార్చింది.

"దాంట్ల ఎనభై శాతం చార్జింగ్ ఉన్నది గద?" అడిగాడు శాంతి కుమార్.

"ముందర గుట్ట ఉన్నది. పాపం, ఆమె అలుస్తది," అంది హెప్సిబా.

ఎంత మంచి మనసు అనుకున్నాడు, పిచ్చోడు. గొంతెత్తి అందరికీ తానే చెప్పాడు. "గుట్ట షురువైనంక ఎర్ర బటన్ నొక్కుండ్రి. టర్బో. బండి దానంతటదే ఎక్కుతది."

నిరోష అందరికంటే ముందు కదిలింది. హెప్సిబా వ్యాన్ ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపింది.

"శాంతీ, పోతున్న."

వ్యాన్ మలుపు తిరిగింది. పెడల్ మీద కాలు పెట్టిన శాంతి కుమార్ అక్కడే ఆగిపోయాడు.

పోతున్న?

ఈ పక్క గడప దాటేవాళ్లెవరూ ఆ మాట అనరు. "పోయొస్త" అంటారు. "పోత" అన్నారంటే మళ్లీ రానట్టే. ఒకసారి వాళ్లింట్లో తనే నోరు జారితే, హెప్సిబా తల్లి శారమ్మ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. మంచినీళ్లు తాగించి, "మల్ల అను బిడ్డా, పోయొస్త అను," అంది. ఆ తల్లి బిడ్డ ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా "పోతున్న" అనలేదు. ఈ గట్టుకి తాను మళ్లీ రానని ఆమెకి తెలుసు. ఎందుకు రాదో అతనికి అప్పుడు తట్టింది. మార్చింది ఒక్క బ్యాటరీ. అదీ ఏడో నంబర్‌ది.

తన బండిలో తొమ్మిది శాతం చార్జింగ్. సర్కారు గైడ్‌కి అదే ఎక్కువ! తిట్టుకుంటూ తొక్కాడు. మలుపు దాటగానే గుట్ట మొదట్లో నిరోష, బొటనవేలు ఎర్ర బటన్ మీద. ఛాతీలో ఉన్న గాలంతా విజిల్‌లోకి ఊదాడు.

ఎనిమిది బండ్లూ ఆగాయి. పదహారు కాళ్లూ నేల మీద.

"నొక్కేసిన అన్నా," అంది నిరోష. "బండి ఉరుకుతలేదు. టిక్కు టిక్కుమంటున్నది."

"దిగు! ఉరుకు!"

మాస్టర్ కీ తిప్పి, బ్యాటరీ ఊడబెరికి, ఉన్న బలమంతా పెట్టి దారి పక్కనే ఉన్న చెరువులోకి విసిరాడు. అది మునిగిన మరుక్షణం నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేచాయి. చేపలు గట్టు మీద పడి కొట్టుకున్నాయి. నిరోష తన రెండు చేతులూ ముఖం ముందు పెట్టుకుని, వేళ్లు లెక్కపెట్టుకుంది.

బోధన్ చెక్‌పోస్ట్ దగ్గర వ్యాన్ దొరికింది. మధ్యాహ్నం స్టేషన్ గదిలో హెప్సిబా అడిగింది.

"ఎట్ల తెలిసింది?"

"పోతున్న అన్నవు."

ఆమె కళ్లు మూసుకుంది. "అమ్మ వింటే సంపుతుండె."

"ఎందుకు చేసినవు?"

"చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డంక మా బాపు ఆ గేటు ముందరనే కూసోని కూసోని పోయిండు. అప్పుడు నీ దేశం ఏడున్నది?"

"మా బాపు గూడ ఆయన పక్కకే కూసున్నడు, హెప్సిబా. నేను బాంబు పెట్టలే."

ఇయర్‌పీస్ మాట్లాడింది. "శభాష్! కానీ బ్యాటరీ చెరువుల ఎందుకు పడేసినవో ఎక్స్‌ప్లనేషన్ రాసి పంపు."

శాంతి కుమార్ ఇయర్‌పీస్ పీకి జేబులో వేసుకున్నాడు. తలుపు దాకా నడిచాడు.

"మల్ల వస్తవా, శాంతీ?"

ఇన్నేళ్లుగా ఆమె ఇంటి గడప దగ్గర తాను అంటూ వచ్చిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"పోతున్న," అన్నాడు.